నమూనా మీద గీత

"ఆ పగులు ఎవరు పెట్టమన్నారమ్మా?"

ఫ్యాక్టరీ యజమాని గుమ్మంలోనే ఆగిపోయారు. పేలిన బాయిలర్‌కు రేపటి విచారణ కోసం ప్లాస్టిక్ నమూనా చేయమని, నమూనాలు చేసే తన మరదలికి చెప్పింది ఆయనే. ఆ పేలుడులో పోయింది ఆమె భర్తే, అంటే ఆయన సొంత తమ్ముడు. బాయిలర్‌లో ఏ లోపమూ లేదని, తప్పంతా తమ్ముడిదేనని ఆయన అందరికీ చెబుతూ వచ్చారు.

"మన ఫిట్టర్ నీ చెవిలో ఊదాడా? వాడి మొహం, వాడికేం తెలుసు. అది ఉండేది వెనకవైపు."

పుట్టీ పెడుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఇది అచ్చులో పడ్డ గీత బావగారూ. పూడ్చేస్తున్నాను."

ఆయన కుర్చీ కోసం తడుముకున్నారు.

ఆమె నమూనాను వెనక్కి తిప్పింది. అక్కడంతా నున్నగా ఉంది. పుట్టీ డబ్బాకు మూత పెట్టి, పెన్సిల్ ఆయన ముందుకు జరిపింది.

"ఎంత పొడుగుండేదో గీయండి."