తెర మధ్యలో

"నా ఫైళ్ళన్నీ ఏమైపోయాయిరా?" లమీస్ మౌస్‌ను బల్లకేసి కొట్టింది.

నిజార్‌కు ఒళ్ళు మండింది. అమ్మాన్ నగరంలో అక్క నడిపే ఇళ్ళ ప్లాన్ల ఆఫీసులో పొద్దుటి నుంచి కూర్చుని, ఆమె కంప్యూటర్ తెర మధ్యలో కుప్పగా పడున్న ఫైళ్ళను ఫోల్డర్లలో సర్ది, అంచున వరసగా పేర్చాడు.

"ఎడమవైపున్నాయి కదక్కా. అన్నీ నడిమధ్యన కుప్ప పోస్తే ఎవరికి దొరుకుతాయి?"

"నాకు దొరికేవి. నిన్నెవడు సర్దమన్నాడు?"

"కళ్ళెదుట ఉన్నవి కూడా కనపడటం లేదా?"

ఆమె తల మొత్తం పక్కకు తిప్పి తెర అంచును తడుముతున్నట్టు వెతికింది. నిజార్‌కు ఏదో అనుమానం వచ్చింది. ఆమె చెవి పక్కగా చెయ్యి చాపి వేళ్ళు ఆడించాడు. ఆమెకు తెలియనే లేదు.

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

లమీస్ మౌస్‌ను పక్కకు నెట్టింది. "రంజాన్ ముందు నుంచి. పక్కలు కనపడవు. అమ్మకు చెప్పకు."

"డాక్టర్ దగ్గరికి పోదాం పద. కారు తాళాలు నాకియ్యి."

"పని ఉంది."

నిజార్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్కో ఫోల్డర్నూ తెర మధ్యకు జరపసాగాడు. లమీస్ కాసేపు బిగుసుకుని చూసింది. తర్వాత తాళాలు తీసి అతని ముందు పెట్టింది.

"ఇంకాస్త దగ్గర దగ్గరగా పెట్టరా," అంది.