బోరు సీనులో తప్పు

ముందే ఒప్పుకుంటున్నాను. సినిమా హాల్లో పక్కవాళ్లు మాట్లాడితే, వాళ్లను సీటుతో సహా ఊడబీకి బయట పెట్టాలనిపించే జాతి నాది.

నా స్నేహితురాలు సువర్ణ ఆ జాతికి నాయకురాలు.

సువర్ణది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అనంతపురంలో ఇంట్లోనే కూర్చుని, వేరేవాళ్లు చేసిన పనిలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. సాయంత్రం లాప్‌టాప్ మూశాక సినిమాల్లో తప్పులు పడుతుంది. దానికి జీతం రాదు, సంతోషం మాత్రం ఎక్కువ.

అవార్డుల సీజన్ వచ్చిందంటే ఇక ఆమెను పట్టలేం. అందులోనూ ఈసారి మన కుందుర్పి బీళ్లలో తీసిన చిన్న సినిమా ఒకటి తుది పోటీలో నిలిచింది. ఎండిపోయిన బోరు ముందు హీరో కూలబడి ఏడ్చే సీను గురించి అంతా ఒకటే మాట. అప్పట్లో వారం తిరక్కుండానే ఎత్తేసిన హాలువాళ్లే, పోస్టరు మీద 'అవార్డు బరిలో' అని అంటించి మళ్లీ వేశారు.

సువర్ణ సెలవు పెట్టి మరీ మధ్యాహ్నం ఆటకు వెళ్లింది.

పక్క సీట్లో ఒక పెద్దామె. ఒళ్లో గుడ్డ సంచి.

"పాపా, బోరు సీను వచ్చెనా?"

"ఇంకా బొమ్మే మొదలు కాలేదు పెద్దమ్మా."

కాసేపాగి మళ్లీ.

"ఇప్పుడొచ్చెనా?"

"రాలేదు."

"వచ్చేతప్పుడు సెప్పుమ్మా. నాకు సూపు సరిగా ఆనదు. ఇంత పెద్ద తెర మీదయితేనే..."

"ష్!"

ఇంటర్వెల్ తర్వాత తెర మీద బోరు బండి కనబడింది. చెప్పక్కర్లేకుండానే పెద్దామె లేచి నిలబడింది. సంచిలోంచి తమలపాకు తీసి అరచేతిలో పరుచుకుంది. దాని మీద కర్పూరం బిళ్ల పెట్టింది. అగ్గిపెట్టె తెరిచింది.

సువర్ణ నిర్ఘాంతపోయింది. హీరో ఎంట్రీకి హారతులిచ్చే అభిమానులను చాలామందిని చూసింది. కానీ అవార్డు సినిమాకు, అదీ ఏడుపు సీనుకు!

"ఏం పెద్దమ్మా, హాలు తగలబెడతావా? అన్నా! ఈశ్వరప్పన్నా!"

గేటు దగ్గరుండే ఈశ్వరప్ప టార్చి వేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? అంత అభిమానముంటే ఇంట్లో ఎలిగించుకోపో. నడువు బయటికి."

"ముట్టియ్యను సామీ. అగ్గిపెట్టె నువ్వే తీస్కో. ఈ సీనొకటి సూసి పోతా."

ఆ గొంతు విని ఈశ్వరప్ప మెత్తబడ్డాడు. అగ్గిపెట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

"ఈ వయసులో హీరో పిచ్చి సూడప్పా" అని వెనక వరసలో ఎవరో నవ్వారు. సువర్ణ కూడా నవ్వింది.

హీరో కూలబడ్డాడు. ఏడ్చాడు. సీను మారింది.

పెద్దామె కూర్చోలేదు. చేతిలో కర్పూరం అలాగే ఉంది.

"పాపా, అయిపాయెనా?"

"అయిపోయింది. కూర్చో."

"వాడు రాలేదే?"

"ఎవరు?"

"ఆయప్ప ఏడుస్తాంటే, ఎనక గొర్రెపిల్లను బుజాన ఏసుకోని ఒగడు నవ్వుతాడు సూడు. పోయినతూరి సూసినానే."

సువర్ణ ముఖం వెలిగిపోయింది. ఈ ఊర్లో తనలాంటి కన్ను ఇంకొకటి ఉందన్నమాట!

"అబ్బా, నువ్వూ పట్టేసినావా పెద్దమ్మా! అది తప్పు. హీరో అంత ఏడుస్తాంటే ఎనక నవ్వేదేంది? అవార్డుకు పంపేముందు తీసేయమని డైరెక్టరుకు నేనే మెసేజ్ పెట్టినా. తీసేసినాడు. నాకు థ్యాంక్స్ గూడా చెప్పినాడు, తెలుసా?"

"తీసేసినారా."

"నీట్‌గా."

"ఇంగ యాడా లేడా?"

"యాడా లేడు. వాణ్ని తీసినాకే సీను నిలబడింది."

పెద్దామె కర్పూరాన్ని తమలపాకులో మడిచి సంచిలో వేసుకుంది. చీకట్లో సీట్లు తడుముకుంటూ బయటికి నడిచింది.

క్లైమాక్స్ వదిలేసి లేచిపోవడం సువర్ణ దృష్టిలో నేరం. ఊరుకోలేక వెంట వెళ్లింది.

బయట ఎండ ముఖాన కొట్టింది. పెద్దామె మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏం పెద్దమ్మా, అప్పుడే పోతాండావా? కడాకు సూస్తే కదా తెలిసేది!"

"మంచి సినిమానే పాపా. నేను వాని కోసరం వచ్చినా."

"ఆ నవ్వినోడి కోసమా? ఆడ నవ్వేదానికి ఏముండాదని నవ్వినాడో!"

"అంత పెద్ద మనిషి కంట్లో మందేసుకోని ఏడుస్తాంటే నవ్వు ఆగలేదంట. ఇంటికొచ్చి గూడా, అన్నం ముందర కూసోని ఒగటే నవ్వు."

సువర్ణ నవ్వబోయి ఆగింది.

"ఎవరింటికి?"

"మా ఇంటికే. నా కొడుకు కేశవ. పోయినేడు ఈ పొద్దే, గొర్రెలకాడ. వాన రాలే. పిడుగు మాత్రం పడె."

సువర్ణ చేయి తనకు తెలియకుండానే ఫోను మీదికి పోయింది. డైరెక్టరు నంబరు తెరిచింది.

"పాతది... పాతది వాళ్లకాడ ఉంటాది పెద్దమ్మా. నేనడుగుతా. తెప్పిస్తా."

"ఈ పొద్దు ఉండింటే బాగుండు."

సంచి చంకన పెట్టుకుని పెద్దామె లేచింది. సువర్ణకు ఏదో ఒకటి అడగాలనిపించింది. ఏది అడిగినా తప్పే అనిపించింది.

"ఇంట్లో... ఫొటో లేదా?"

"ఉండాది పాపా. ఆధార్ కార్డులోదే పెద్దది సేయించి గోడకు పెట్టినాం. దాంట్లో నవ్వడు."