అదీ ముక్కంటే!

టీ కంపెనీలో రుచుల గది తలుపు తీసిన మేనేజరు గుమ్మంలోనే ఆగిపోయాడు. గది నిండా నొప్పుల మందు వాసన!

అలాంటిలాంటి వాసన కాదు. కళ్లలో నీళ్లు తిరిగే ఘాటు. బల్ల మీద పేర్చిన తెల్ల కప్పులకు పట్టింది. మూతలు తీసి ఉంచిన టీపొడి నమూనాలకు పట్టింది. టీపొడి సంగతి తెలిసిందేగా, పక్కింటి పుకారు కన్నా త్వరగా వాసన అంటించుకుంటుంది.

అదీ ఏ రోజు? అందరికన్నా పెద్ద కొనుగోలుదారు తన సొంత టేస్టరును వెంటబెట్టుకుని వస్తున్న రోజు. ఇద్దరు టేస్టర్లూ ఎదురెదురుగా కూర్చుని, ఒకే కప్పు రుచి చూసి, విడివిడిగా తీర్పు చెప్పాలి. తీర్పులు కలిస్తేనే బేరం.

"ముక్కుగారిని పిలవండి!" అని కేకేశాడు మేనేజరు.

కంపెనీలో సీనియర్ టేస్టరుకు అందరూ పెట్టుకున్న పేరది. ఒక్కసారి వాసన చూసి, ఆ ఆకు కోసే ముందు వాన పడిందో లేదో చెప్పిన మనిషి. గది తలుపుకు అంటించిన కాగితం కూడా ఆయన చేతిరాతే: 'అత్తరు, పౌడరు, సిగరెట్టు, నొప్పుల మందు వాడినవాళ్లు లోపలికి రాకూడదు.'

ఆయన వచ్చేసరికి గుమ్మంలో నలుగురు ముక్కులు మూసుకుని నిలబడ్డారు. ఆయన వాళ్లను చూశారు. జేబురుమాలు తీసి తానూ మూసుకున్నారు.

"ఏంటిది సార్?" అన్నాడు మేనేజరు.

"ముందు మీరు చెప్పండి" అన్నారు ముక్కుగారు.

పోయినేడు జ్వరం నుంచి లేచి వచ్చాక ఆయన పట్టుకున్న పద్ధతి ఇది. ఏ కప్పైనా ముందు పక్కవాళ్ల చేత చెప్పిస్తారు. ఆ తర్వాతే తన తీర్పు. కిందివాళ్లకు పని నేర్పుతున్నారని అందరికీ గౌరవం ఇంకాస్త పెరిగింది.

"నొప్పుల మందేగా సార్! ఎక్కణ్నుంచి వస్తోందో మాత్రం అంతు చిక్కట్లేదు. గదంతా ఒకేలా కొడుతోంది."

ముక్కుగారు నేరుగా కప్పులు కడిగే తొట్టి దగ్గరికి నడిచారు. వంగి, గొట్టం వెనక చెయ్యి పెట్టారు. మూత లేని డబ్బా బయటికొచ్చింది. లోపల వేలితో ఊడ్చినట్టు ఖాళీ. అందులో ఉండాల్సిందంతా బల్ల అడుగున, కుర్చీల చేతుల కింద దట్టంగా పూసి ఉంది.

"అదీ ముక్కంటే!" అన్నాడు మేనేజరు, అంత కంగారులోనూ.

కప్పులు కడిగే ఆవిడను పిలిపించారు. ఆవిడ ముక్కుగారి తోడబుట్టిన అక్క. భర్త పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. ఉంటున్నా, తన తిండి తాను సంపాదించుకుంటున్నానన్నది ఆవిడకున్న ఒకే ఒక్క గొప్ప.

మోకాళ్లు అరిగిపోయిన మనిషి. అయినా సెలవుకు ముందు సాయంత్రం తప్ప ఆ మందు జోలికి వెళ్లేది కాదు. మందు పూసుకున్నప్పుడు కట్టే చీర వేరు, కప్పుకునే దుప్పటి వేరు. పనిలోకి వచ్చే ముందు మోకాళ్లను సబ్బుతో తోమి తోమి కడిగేది. మిగతా రోజులంతా పళ్లబిగువునే.

"ఇది మీదేనామ్మా?" అన్నాడు మేనేజరు.

ఆవిడ డబ్బా పక్కనున్న సొట్టను వేలితో తడిమింది. "నాదే బాబూ. కానీ నేను తేలేదు."

"మరి, డబ్బాకి కాళ్లొచ్చాయా?"

"వచ్చుంటే నా కాళ్లకన్నా నయమే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నవ్వలేదు. అప్పటికే కొనుగోలుదారుకు ఫోన్ చేసి, బతిమాలి, రాకను వాయిదా వేయించి ఉన్నాడు.

"సార్, ఆవిడ మీ అక్క. ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

ముక్కుగారు అక్క వైపు చూడలేదు. "ఆ కాగితం రాసింది నేను. నా వాళ్లకో రూలు, బయటివాళ్లకో రూలు ఉండదు. తీసేయండి."

అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఎంత ముక్కుసూటి మనిషి!

"నీ మీద ఒట్టేసినా నమ్మవురా?" అంది ఆవిడ.

చేతిలో ఉన్న కప్పును తుడిచి, బోర్లించి, ఆవిడ కుంటుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం ముక్కుగారు ఇల్లు చేరేసరికి, అక్క కిటికీ పక్కన కాళ్లు చాపుకుని మోకాళ్లు రుద్దుకుంటోంది. పనిరోజున ఆవిడ అలా కూర్చోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

గుమ్మంలోనే ఆగి, జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"అప్పుడే కొత్త డబ్బా కొన్నావా అక్కా? వీధిలోకే కొడుతోంది ఘాటు! పొద్దున అంత రభస జరిగాక కూడా..."

రుద్దుతున్న చెయ్యి ఆగింది. ఆవిడ ఒకసారి తమ్ముణ్ని చూసి, పక్కనున్న గిన్నెను మెల్లగా ముందుకు జరిపింది.

"ఇది వంటనూనె రా. నీ ముక్కు పాడవుతుందని ఇవాళ కూడా మందు కొనలేదు."

జేబురుమాలు అక్కడే ఉండిపోయింది. తీయడానికీ లేదు, ఉంచడానికీ లేదు. ఆవిడ చూపు మాత్రం ఆయన మీది నుంచి కదల్లేదు.

ఆయన వచ్చి అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"పోయినేడు జ్వరం తగ్గినప్పట్నుంచీ నాకు ఏ వాసనా తెలియట్లేదక్కా, ఇవాళ ఆ టేస్టరు ఎదురుగా కూర్చుంటే బయటపడిపోతానని నీ డబ్బా తీసుకెళ్లి పూసింది నేనే."