మునివేళ్ల నడక

"ఎవరండీ మీరు?" తలుపు సందులోంచి తొంగిచూస్తున్న ఆమెను డాన్స్ టీచరు అడిగింది.

"లోపలున్నాయన భార్యని. యుద్ధం నుంచి వచ్చి ఆర్నెల్లయింది. రోజూ సాయంత్రం చెప్పాపెట్టకుండా పోతుంటే, ఏ మాయలాడి వలలో పడ్డాడోనని వెంటే వచ్చాను."

"ఇంటికి తిరిగొచ్చిన సైనికుల మీద నృత్యనాటకం చేస్తున్నాం. కూర్చుని చూడండి."

నమ్మకం కుదరకపోయినా కూర్చుంది.

సైనికుడి వేషం ఇంకెవరో వేశారు. ఆమె మొగుడు వేసింది ఆ సైనికుడి భార్య వేషం. నిద్రపోతున్నవాడి వంక బెదురుగా చూస్తూ, మునివేళ్ల మీద వంటగదిలోకి నడిచాడు. కత్తులన్నీ ఏరి గుడ్డలో చుట్టి, పాత బట్టల పెట్టె అడుగున దాస్తున్నట్టు అభినయించాడు.

ఆమె కూర్చున్నచోటే ముందుకు వంగింది. ఆర్నెల్లుగా తాను ఇంట్లో చేస్తున్నది అదే.

రిహార్సల్ అయ్యాక అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మీకు తెలుసా?" తలెత్తకుండానే అడిగింది.

"మొదటి రోజు నుంచీ."

"మిమ్మల్ని చూసి భయపడ్డానని కోపం రాలేదా?"

"కోపమెందుకు? దాచిపెట్టమని నేనే చెబుదామనుకున్నాను. నోరు రాలేదు."

ఆమె పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.