చిట్టి రక్తపరీక్ష

సూది చూస్తే చాలు, చిట్టికి ఎక్కడలేని కోపం వస్తుంది. పేరుకే చిట్టి. తన్నిందంటే తలుపు చెక్క ఊడి అవతల పడాల్సిందే.

గుర్రపుస్వారీ నేర్పే ఆ బడిలో డాక్టరమ్మ పొద్దున్నుంచి గుర్రాలన్నిటికీ రక్తం తీస్తూ వచ్చింది. మెడ నిమరడం, నరం వెతకడం, సీసా నింపడం, దాని మీద పేరు అంటించడం. ఆవిడ నడుము పడిపోయింది. చిట్టి దగ్గరికొచ్చేసరికి ఉన్న కాస్త ఓపికా అడుగంటింది.

“బాబాయ్, ఇది నీ మాటే వింటుంది. నువ్వే తీసివ్వు. నీకిదేం కొత్త కాదుగా!”

గుర్రపుశాలలో అందరికీ అతను బాబాయే. మేత వేయడం దగ్గర్నుంచి సూదిమందు పొడవడం దాకా అన్నీ అతని చేతి మీదుగా జరగాల్సిందే. ఈమధ్య అతనికీ ఒంట్లో సత్తువ లేదు. మొన్నటిదాకా పక్క గదిలో ఉన్న నల్లగుర్రానికి చాకిరీ చేసీ చేసీ సగమైపోయాడు పాపం. దానికి గ్లాండర్స్ అని రక్తంలో తేలింది. గుర్రానికి ఆ జబ్బు తేలితే ఇక మందూ లేదు, మాకూ లేదు. మిగతావాటికి అంటకుండా సూది వేసి చంపేయడమే.

ఇప్పుడు నల్లదానికి కారినట్టే చిట్టికీ ముక్కు కారుతోంది.

“దీనికీ ఉందని తేలితే?” అనడిగాడు.

“తెలియనట్టు అడుగుతావేం బాబాయ్? నల్లదానికి ఏం చేశామో అదే. ముందు నువ్వు గ్లౌజులు వేసుకో. మనుషులకీ అంటుతుందని ఎన్నిసార్లు మొత్తుకోను?”

“నాకా? నాకు అంటుకుంటే ఆ జబ్బుకే జబ్బు చేస్తుంది డాక్టరమ్మా!”

ఆవిడ నవ్వలేక నవ్వి, బకెట్టు బోర్లించుకుని దాని మీద కూలబడింది. అతను సూదీ సీసా తీసుకుని చిట్టి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. లోపల గిట్టల చప్పుడు. “ఏం కాదే తల్లీ, నేనున్నాగా,” అని బుజ్జగింపు. కాసేపటికి నిండిన సీసాతో బయటికొచ్చాడు. డాక్టరమ్మ దాని మీద చిట్టి పేరు అంటించి పెట్టెలో సర్దుకుంది.

ఇంటికెళ్ళి కంచం ముట్టకుండానే మంచమెక్కాడు బాబాయి.

“మీరు నన్ను కాదు, ఆ గుర్రాన్ని కట్టుకోవాల్సింది,” అంది భార్య, నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూ. “దానికి ముక్కు కారితే మీకు జ్వరం!”

“దానికేం లేదనే తేలుతుంది, చూస్తూండు,” అన్నాడు అటు తిరిగి పడుకుంటూ. ఆ ఒక్క విషయంలో అతనికి బెంగ లేదు.

వారం తిరక్కుండానే డాక్టరమ్మ వచ్చింది. వెనకే గొయ్యి తవ్వేవాళ్ళు. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

“చిట్టికి ఉంది బాబాయ్.”

“లేదు. ఉండదు. మళ్ళీ చూడమనండి.”

“ల్యాబువాళ్ళు రెండు రకాలుగా చూశారు. రెంటిలోనూ ఉందనే వచ్చింది. నాకు మాత్రం సరదానా? మింగిన ముద్ద దిగితే ఒట్టు.” ఆవిడ సిరంజిలోకి మందు ఎక్కించింది. “దాని తల నువ్వే పట్టుకో. బెదరకుండా పోతుంది.”

చిట్టి అతని భుజమ్మీద మూతి ఆనించి ఊపిరి వదిలింది. బాబాయి దాని మెడ నిమిరి, సూదికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఆ సూది లోపల పెట్టండి డాక్టరమ్మా.”

“బాబాయ్, దండం పెడతాను, ఇంకా నన్ను ఏడిపించకు.”

“ఆ సీసాలోది దీని రక్తం కాదు,” అంటూ అతను చొక్కా చెయ్యి పైకి తోసి, మోచేతి మడతలో కమిలి పసుపు తిరిగిన సూదిపోటు చూపించాడు.