నెలకో శనివారం

ఫోన్ మోగగానే సెలూనతను మాస్టారి తల మీద మిషన్ ఆపేశాడు.

కుడివైపు కటింగ్ అయింది. ఎడమవైపు మిగిలింది.

మోగింది చందా కట్టి పెట్టించుకున్న యాప్. క్రిప్టో ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో అదే చెబుతుంది. ఇప్పుడు అమ్మమంది. అతను అమ్మేశాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. నిమిషం ఆలస్యమైతే మునిగిపోతాను."

ఆయన ఏమీ అనుకోలేదు. మెడకు కట్టిన గుడ్డ కింద నుంచి ఫోన్ తీసి, రెండు వేలకు బిట్‌కాయిన్ కొన్నారు. ధర చూడలేదు.

ఆయన నిజంగా మాస్టారో కాదో ఎవరూ అడగలేదు. మాట తీరు చూసి అలా పిలిచేవారు. నెలకో శనివారం వచ్చేవారు, వచ్చినప్పుడల్లా రెండు వేలకు కొనేవారు. మూడేళ్లుగా అదే వరస.

"ధర పడుతున్నప్పుడు కొంటారేంటండీ? కాస్త ఆగితే ఇంకా తగ్గుతుంది కదా."

"తగ్గేదాకా జుట్టు పెంచుకుంటూ కూర్చోమంటావా?"

బెంచీ మీద వాళ్లు నవ్వారు. సెలూనతను నవ్వలేదు.

అతను అద్దెకుంటున్న షాపు గది అమ్మకానికొచ్చింది. ఏడాది చివరికల్లా అడ్వాన్సు ఇస్తే అతనిదే. లేకపోతే పక్కనున్న మందుల షాపుకి పోతుంది. అడ్వాన్సులో సగం చేతిలో ఉంది. ఆ సగాన్ని మొత్తం చేయాలని యాప్‌ను పట్టుకున్నాడు.

ఈ సంగతంతా ఎడమవైపు కటింగ్ చేస్తూ చెప్పాడు. మాస్టారు అద్దంలో అతన్ని చూశారు.

"గది డబ్బు బ్యాంకులో వేసుకో నాయనా. పోతే పోయిందనుకునే డబ్బుంటే, నాలాగా నెలకింతని కొను. ఆ యాప్ మాత్రం తీసెయ్."

"ఇలా కొంటే పెరుగుతుందంటారా?"

"ఏమో. అదే తెలిస్తే అంతా ఒకేసారి కొనేవాణ్ణి."

"యాప్ సంగతి మీకేం తెలుసండీ?"

"కొంచెం తెలుసు."

పౌడర్ దులిపించుకుని వెళ్లిపోయారు.

ఆ నెల యాప్ తొమ్మిదిసార్లు మోగింది. అమ్మినది మర్నాడు పెరిగింది. కొన్నది సాయంత్రానికి పడింది. చేతులు కాల్చుకున్నది చాలు, ఆపమంది భార్య. ఇంకొక్కసారి సరిగ్గా తగిలితే మొత్తం వెనక్కొస్తుందన్నాడు. ఆ మాట మీదే ఏడాది గడిచింది.

గది మందుల షాపు వాళ్లదైంది. అతను కుర్చీలు అమ్మేసి, వేరే సెలూన్‌లో రోజు కూలికి కుదిరాడు. మాస్టారు ఒక శనివారం వచ్చి, తాళం చూసి, కాసేపు నిలబడి వెళ్లారని మందుల షాపు వాళ్లు చెప్పారు. ఆయన ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు.

చందా డబ్బయినా తిరిగిమ్మని అడగడానికి యాప్ కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. కౌంటర్‌లో అమ్మాయి కుదరదంది. అతను కదల్లేదు.

"దీన్ని తయారుచేసినాయన్ని పిలవమ్మా. ఆయన్నే అడుగుతాను."

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆయన ఎప్పుడో మానేశారండీ. ఐదేళ్ల లెక్కలు తీసి, మన యాప్ మాట విన్నవాళ్లకన్నా నెలనెలా ఇంతని కొని ఊరుకున్నవాళ్లే నయమని రాసిచ్చారు. దీన్ని మూసేద్దామన్నారు. మావాళ్లు ఒప్పుకోలేదు."

ఎలా ఉంటారాయన అని అడిగాడు.

ఆమె గోడ మీది ఫోటోలో మాస్టారిని చూపించింది.