నాన్నతో వాల్ట్జ్

"ఒక్క నిమిషమమ్మా, వెలుగు సరిపోవట్లేదు," అన్నాడు ఫుల్హెన్సియో, కొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీటలు తిప్పుతూ.

మెరీదా ఊళ్లోని ఫంక్షన్ హాల్లో కూతురు ఇట్సెల్ పదిహేనో పుట్టినరోజు. ఆనవాయితీగా తండ్రితో చేసే వాల్ట్జ్ నాట్యం కోసం బ్యాండువాళ్లు పాట మళ్లీ మొదటికి తెచ్చారు.

"ఏది కొనాలా అని ఏడాది చూశారు. వాడటానికి ఇంకో ఏడాదా?" అంది భార్య రెమెదియోస్.

"ఈ ఫొటోలు తరతరాలుంటాయే. అన్సెల్మో, నువ్వు కాసేపు అమ్మాయితో నాట్యం చెయ్యి, నేను తీస్తాను."

బావమరిది అన్సెల్మో మొహమాటపడుతూనే మేనకోడలి చెయ్యి పట్టుకున్నాడు. కెమెరా దానంతటదే ఇట్సెల్ కళ్లను వెతికి పట్టుకుంది. ఫుల్హెన్సియో వరసగా నొక్కి, తెర భార్యకు చూపించాడు.

"కనురెప్పల వెంట్రుకలు ఎంత విడివిడిగా పడ్డాయో చూడు. అన్నింట్లోనూ కెమెరానే చూస్తోంది."

"మీరెప్పుడొస్తారా అని చూస్తోందండీ."

అతను ఫొటో పెద్దది చేశాడు. ఆ కళ్లు తడిగా ఉన్నాయి. కెమెరా తీసి రెమెదియోస్ మెడలో వేసి, జనాన్ని తప్పించుకుంటూ నడిచాడు.

"ఇందులో ఏది నొక్కాలి?" ఆమె వెనకనుంచి అరిచింది.

"ఏదీ నొక్కకు," అన్నాడు. మొదటి అడుగులోనే కూతురి కాలు తొక్కాడు. ఇట్సెల్ నవ్వింది.